తెలియని ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి: 210 సరిపోయింది, కానీ జవాబు తప్పన్నారు

తెల్లస్ఫటికం

పెద్దలందరికీ నమస్కారం. నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయిని. గత వారం ప్రయోగశాలలో మాకు ఒక్కొక్కరికి చిన్న పొట్లంలో తెల్లని స్ఫటికాలు ఇచ్చి, ఇది ఒక ఘన కర్బన ఆమ్లమని, అంశమాపనం ద్వారా, అంటే గాఢత తెలిసిన క్షారం ఎంత ఖర్చవుతుందో కొలిచి, దీని మోలార్ ద్రవ్యరాశి కనుక్కుని అది ఏ ఆమ్లమో రాయమని చెప్పారు.

నేను 1.500 గ్రాములు తూచి, నీటిలో కరిగించి, 250 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో గీత వరకు నింపాను. అందులోంచి పిపెట్టుతో 20 మి.లీ. శాంకవ కుప్పెలోకి తీసుకుని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం మిగలగానే గులాబీ రంగు చూపే సూచిక) వేసి, బ్యూరెట్టులోని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేశాను. మొదటిసారి 17.3, ఆ తర్వాత వరుసగా 17.1, 17.1 మి.లీ. వచ్చాయి.

20 మి.లీ. ద్రావణంలో ఉన్న ఆమ్లం 120.0 మి.గ్రా. ఖర్చయిన క్షారం 17.1 × 0.1 = 1.71 మిల్లీమోల్. 120.0ని 1.71తో భాగిస్తే 70.2. దీన్ని మూడుతో గుణిస్తే 210.5. సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేట్ మోలార్ ద్రవ్యరాశి 210.14 కాబట్టి, తేడా 0.2 శాతం కూడా లేదని సంతోషపడి ఆ పేరే రాశాను. రికార్డు తిరిగి వచ్చినప్పుడు దాని మీద "తప్పు, మళ్లీ చేయండి" అని మాత్రమే ఉంది. ఇంత దగ్గరగా వచ్చిన అంకె తప్పెలా అవుతుందో నాకు బోధపడటం లేదు. దయచేసి చెప్పగలరు.

పాతబ్యూరెట్టు

అమ్మా, వివరాలన్నీ దాచకుండా రాశారు, అందువల్ల సహాయం చేయడం తేలిక. ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ సోడియం హైడ్రాక్సైడ్ గాఢత 0.1 అని మీకు ఎలా తెలిసింది? 70.2ని మూడుతో గుణించాలని ఎలా తెలిసింది?

తెల్లస్ఫటికం

గురువుగారూ, సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు 4.0 గ్రాములు తూచి లీటరు నీటిలో కరిగించాము. దాని మోలార్ ద్రవ్యరాశి 40 కాబట్టి 0.1 మోలార్ అనుకున్నాము. తూచేటప్పుడు గుళికలు కాస్త తడిగా, వాచ్ గ్లాసుకు అంటుకుంటూ ఉన్నాయి.

ఇక మూడు విషయానికి వస్తే, 70.2 దగ్గర ఏ ఆమ్లమూ కనబడలేదు. రెండుతో గుణిస్తే 140.4 వస్తుంది, దానికీ ఏదీ సరిపోలేదు. మూడుతో గుణిస్తే సిట్రిక్ ఆమ్లం సరిగ్గా సరిపోయింది.

పాతబ్యూరెట్టు

మీ పొరపాటు ఈ రెండు జవాబుల్లోనే ఉంది. మీ చేతిపనిలో మాత్రం లోపం లేదు, 17.1 రెండుసార్లు వచ్చిందంటే బ్యూరెట్టు మీకు లొంగినట్టే.

మొదటిది గుళికల సంగతి. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కొంత కార్బనేటుగా మారుతుంది. మీరు చూసిన ఆ తడి, ఆ అంటుకోవడం అదే. తులలో 4.0 గ్రాములు కనబడినా, అందులో అసలు క్షారం ఎంతో తుల చెప్పదు. సీసా మూత ఎన్నిసార్లు తీశారు, తూచడానికి ఎంతసేపు పట్టింది, ఆ రోజు గాలిలో తేమ ఎంత అనేదాన్ని బట్టి అది మారుతుంది. అందుకే సోడియం హైడ్రాక్సైడ్ ప్రాథమిక ప్రమాణ పదార్థం, అంటే తూకం చూసి గాఢతను నమ్మగల పదార్థం, కాదు. దాని గాఢతను తూకంతో కాక, మరొక నమ్మదగిన ఆమ్లంతో అంశమాపనం చేసి నిర్ణయించాలి.

పొరపాటు ఎటువైపు లాగుతుందో కూడా చూడండి. అసలు గాఢత 0.1 కంటే తక్కువగా ఉండి, మీరు 0.1 అని వేస్తే, ఖర్చయిన క్షారాన్ని ఎక్కువగా లెక్కించినట్టు అవుతుంది. అది హారంలో ఉంటుంది కాబట్టి మీకు వచ్చిన 70.2 అసలు విలువ కంటే తక్కువ. అసలు విలువ 72 కావచ్చు, 75 కావచ్చు, 77 కావచ్చు.

రెండోది మరింత ముఖ్యమైనది. ఈ పద్ధతిలో బ్యూరెట్టు అణువులను లెక్కపెట్టదు, క్షారంతో చర్య జరిపే హైడ్రోజన్లను లెక్కపెడుతుంది. కాబట్టి నేరుగా చేతికొచ్చేది మోలార్ ద్రవ్యరాశి కాదు, తుల్యాంక భారం, అంటే అలాంటి హైడ్రోజన్లను ఒక మోల్ ఇచ్చే ఆమ్లం ద్రవ్యరాశి. మోలార్ ద్రవ్యరాశి కావాలంటే ఆ ఆమ్లం క్షారత ఎంతో, అంటే ఒక్కో అణువు ఎన్ని హైడ్రోజన్లను వదులుతుందో, వేరే దారిలో తెలియాలి. మీరు ఒకటి, రెండు, మూడు వేసి చూసి, ఏది పుస్తకంలోని అంకెకు దగ్గరైతే దాన్ని తీసుకున్నారు. గాఢత తప్పు, క్షారత ఊహ. ఆ రెండూ కలిసి ఒక అందమైన అంకెను ఇచ్చాయి.

ఇప్పుడు చేయవలసిన పని ఒక్కటే. అదే సోడియం హైడ్రాక్సైడ్ సీసా ఇంకా మిగిలి ఉంటే, అదే బ్యూరెట్టుతో, అదే పిపెట్టుతో, అదే సూచికతో ఆక్సాలిక్ ఆమ్లం ప్రమాణ ద్రావణాన్ని అంశమాపనం చేసి రండి. ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ మోలార్ ద్రవ్యరాశి 126.07, క్షారత రెండు, కాబట్టి తుల్యాంక భారం 63.03. ఈ 250 మి.లీ. ఫ్లాస్కుకు 1.576 గ్రాములు తూస్తే 0.1 నార్మల్ ద్రావణం, అంటే లీటరుకు 0.1 తుల్యాంకం ఉన్న ద్రావణం అవుతుంది. పిపెట్టును నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి.

రేపటిప్రాక్టికల్

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా కళాశాలలో ఆక్సాలిక్ ఆమ్లానికి బదులు పొటాషియం హైడ్రోజన్ థాలేట్ వాడమన్నారు. రెండింటిలో ఏది మేలు?

పాతబ్యూరెట్టు

దొరికితే థాలేటే మేలు. మోలార్ ద్రవ్యరాశి 204.22, క్షారత ఒకటి. తూకం పెద్దది కాబట్టి తూకంలో దొర్లే పొరపాటు శాతం చిన్నదవుతుంది. తేమ పీల్చుకోదు, 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి డెసికేటర్‌లో చల్లార్చి వాడవచ్చు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని మాత్రం ఓవెన్‌లో పెట్టకూడదు, స్ఫటిక జలం పోయి 126.07 అన్న లెక్క చెడుతుంది. మన ప్రయోగశాలల్లో ఆక్సాలిక్ ఆమ్లం సులువుగా దొరుకుతుంది కాబట్టి అది చెప్పాను.

ఆహారపరీక్ష

నేను ఆహార పదార్థాలను పరీక్షించే ప్రయోగశాలలో పని చేస్తున్నాను. తెల్లస్ఫటికం గారి ప్రశ్న చదువుతుంటే మా రోజువారీ పని గుర్తొచ్చింది.

మా దగ్గరికి చింతపండు గుజ్జు వస్తుంది, నిమ్మరసం వస్తుంది, వెనిగర్ వస్తుంది. అన్నింటికీ ఒకే బ్యూరెట్టు, ఒకే సోడియం హైడ్రాక్సైడ్. 0.1 నార్మల్ క్షారం ఒక్క మి.లీ. ఖర్చయితే, వెనిగర్ అయితే దాన్ని 6.0 మి.గ్రా. అసిటిక్ ఆమ్లంగా, నిమ్మరసమైతే 6.4 మి.గ్రా. నిర్జల సిట్రిక్ ఆమ్లంగా, చింతపండు అయితే 7.5 మి.గ్రా. టార్టారిక్ ఆమ్లంగా రాస్తాము. బ్యూరెట్టు చూపేది ప్రతిసారీ ఒకే మి.లీ., దానికి ఏ ఆమ్లం పేరు తగిలించాలన్నది మాత్రం మా ముందున్న సరుకును బట్టి మేము వేసుకునేది. అందుకే నివేదికలో "టార్టారిక్ ఆమ్లంగా లెక్కించిన ఆమ్లత్వం" అని విడిగా రాస్తాము. అదే గుజ్జును ఎవరైనా సిట్రిక్‌గా లెక్కిస్తే అంకె 15 శాతం దాకా తగ్గిపోతుంది, గుజ్జు మాత్రం మారదు.

మీ పొట్లంలో ఏముందో నేను ఊహించను. అయితే 70, 75 రెండూ మా ప్రయోగశాలలో రోజూ వినబడే అంకెలే, కాబట్టి గాఢత సరిచూసిన తర్వాత వచ్చే అంకె కోసం ఆసక్తిగా ఎదురుచూస్తున్నాను.

తెల్లస్ఫటికం

ఈ రోజు మధ్యాహ్నం ప్రయోగశాల తెరిపించుకుని చేశాను. పాత సోడియం హైడ్రాక్సైడ్ సీసా గట్టి మూతతో అలాగే ఉంది. ఆక్సాలిక్ ఆమ్లం 1.576 గ్రాములు తూచి, 250 మి.లీ. చేసి, 20 మి.లీ. తీసుకుని అంశమాపనం చేశాను. మొదటిసారి తొందరపడి 21.7 దాకా వెళ్లిపోయాను. తర్వాత 20 మి.లీ. దాటాక ఒక్కో చుక్కా వదిలాను. చుక్క పడిన చోట గులాబీ రంగు వచ్చి, కుప్పె తిప్పగానే మాయమవుతూ, 21.4 దగ్గర లేత గులాబీ నిలిచింది. కుప్పె కింద తెల్లకాగితం పెట్టుకుంటే తప్ప అది కనబడనంత లేతగా ఉంది. మరోసారి చేసినా 21.4 వచ్చింది.

20 మి.లీ. ఆక్సాలిక్ ద్రావణంలో 2.000 మిల్లీతుల్యాంకాలు ఉన్నాయి కాబట్టి క్షారం నార్మాలిటీ 2.000 ÷ 21.4 = 0.0935. నేను 0.1 అనుకున్నది నిజానికి ఆరున్నర శాతం తక్కువగా ఉంది!

ఇప్పుడు పాత లెక్కను సరిచేస్తే, 17.1 × 0.09346 = 1.598 మిల్లీతుల్యాంకాలు. 120.0ని దానితో భాగిస్తే 75.1. రెండుతో గుణిస్తే 150.2, మూడుతో గుణిస్తే 225.3. టార్టారిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 150.09. ఈసారి టార్టారిక్ అని రాయవచ్చా? లేక మళ్లీ అదే పొరపాటు చేస్తున్నానా?

పాతబ్యూరెట్టు

చివరి ప్రశ్న మీ అంతట మీరు వేసుకోవడం నాకు ఎంతో ఆనందంగా ఉంది. 75.1 అన్నది ఇప్పుడు నమ్మదగిన అంకె. 150 అన్నది మాత్రం ఇంకా నమ్మదగినది కాదు.

75.1ని ఎందుకు నమ్మవచ్చో చెబుతాను. మీ తుదిలెక్కలో నిజానికి గాఢత అన్నదే మాయమైపోయింది. రెండు అంశమాపనాల నిష్పత్తి, 21.4 ÷ 17.1, మాత్రమే మిగిలింది. రెండింటికీ ఒకే పిపెట్టు వాడారు, దాని నిజ ఘనపరిమాణం 20 కాక 19.95 అయినా పైనా కిందా కొట్టుకుపోతుంది. ఒకే బ్యూరెట్టు వాడారు, దాని గీతలు ఒక పాలు ఎక్కువ చూపినా కొట్టుకుపోతుంది. ఒకే సూచిక వాడారు, దాని లాభం మరింత పెద్దది. మీ క్షారంలో కొంత కార్బనేటు ఉండే ఉంటుంది. ఫినాఫ్తలీన్ 8.3 నుంచి 10 పీహెచ్ మధ్య రంగు మారుతుంది కాబట్టి, దానితో చేసినప్పుడు కార్బనేటు బైకార్బనేటు దగ్గరే ఆగినట్టు లెక్కకు వస్తుంది. మిథైల్ ఆరెంజ్‌తో చేస్తే అదే కార్బనేటు చివరిదాకా చర్య జరిపి రెట్టింపుగా లెక్కకు వస్తుంది. ఒక సూచికతో గాఢత కట్టి, మరో సూచికతో ఆమ్లాన్ని కొలిస్తే ఆ తేడా నేరుగా మీ జవాబులోకి వస్తుంది.

పొరపాటు హద్దు కూడా వేసుకోండి. బ్యూరెట్టు పఠనంలో 0.05 మి.లీ. అనుమానం ఉంటే 17.1లో అది 0.3 శాతం, 21.4లో 0.23 శాతం. రెండూ కలిపితే సుమారు 0.4 శాతం. అంటే మీ తుల్యాంక భారం 75.1, దానికి అటూ ఇటూ 0.3. ఈ హద్దులో సిట్రిక్ మోనోహైడ్రేట్ 70.05 లేదు, ఎడిపిక్ ఆమ్లం 73.07 లేదు. టార్టారిక్ 75.04 ఉంది. అయితే హద్దులో పడటం వేరు, రుజువు కావడం వేరు.

ఇంటర్‌బోధన

క్షారత తేల్చడానికి సులువైన దారి ఉంది కదా. పీహెచ్ మీటరు పెట్టి పూర్తి అంశమాపన వక్రరేఖ గీయమనండి. ద్విక్షార ఆమ్లమైతే వక్రరేఖలో రెండు ఎగుడుమెట్లు కనబడతాయి, త్రిక్షార ఆమ్లమైతే మూడు. మెట్లు లెక్కపెడితే సరిపోతుంది.

వక్రరేఖ

ఇంటర్‌బోధన గారూ, తరగతిలో ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని చూపించినప్పుడు ఆ మాట చక్కగా నిలబడుతుంది. దాని పీకేఏ విలువలు (ఒక్కో హైడ్రోజన్ సగం పోయిన చోట ఉండే పీహెచ్, అంకె పెరిగేకొద్దీ ఆ హైడ్రోజన్ కష్టంగా వదులుతుంది) 2.15, 7.20, 12.35. మొదటి రెండింటి మధ్య ఐదు యూనిట్ల ఎడం ఉంది కాబట్టి మొదటి మెట్టు, రెండో మెట్టు విడివిడిగా కనబడతాయి. మూడోది మరీ బలహీనం కావడం వల్ల నీటిలో ఆ మెట్టు అసలు కనబడదు. అంటే అక్కడ కూడా మెట్లు లెక్కపెడితే రెండే వస్తాయి, మూడు రావు.

ఇక్కడి సమస్య వేరు. టార్టారిక్ ఆమ్లం పీకేఏ విలువలు సుమారు 3.0, 4.4. సిట్రిక్ ఆమ్లానివి 3.1, 4.8, 6.4. మెట్లు స్పష్టంగా విడిపోవాలంటే వరుస పీకేఏల మధ్య దాదాపు నాలుగు యూనిట్ల ఎడం కావాలి. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు మొదటి హైడ్రోజన్ పూర్తిగా పోకముందే రెండోది బయలుదేరుతుంది, మెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చివర ఒక్క పెద్ద మెట్టుగా కనబడతాయి. మెట్టు ఒక్కటే ఉందని చూసి ఏకక్షార ఆమ్లమని రాస్తే 75 అవుతుంది, అది మరో తప్పు జవాబు. మెలేయిక్ ఆమ్లం లాంటి కొన్నింటిలో మాత్రం పీకేఏలు సుమారు 1.9, 6.1 కావడం వల్ల రెండు మెట్లు చక్కగా కనబడతాయి.

అయితే వక్రరేఖ పనికిరాదని కాదు. మెట్లను వదిలిపెట్టి వాలును చూడాలి. నాకు ఎంతో ఇష్టమైన ఉపాయం ఒకటి చెబుతాను.

ఏకక్షార ఆమ్లంలో నాలుగో వంతు క్షారం వేసినప్పుడు లవణానికీ ఆమ్లానికీ నిష్పత్తి ఒకటికి మూడు. ముప్పావు వంతు వేసినప్పుడు మూడుకు ఒకటి. హెండర్సన్ సమీకరణం ప్రకారం ఈ రెండు చోట్ల పీహెచ్‌ల తేడా తొమ్మిదికి లాగరిథమ్, అంటే 0.95. ఆ ఆమ్లం ఏదైనా, దాని పీకేఏ ఎంతైనా, మరీ బలమైనది కానంతవరకు ఈ తేడా అంతే. అదే ద్విక్షార ఆమ్లమైతే నాలుగో వంతు దగ్గర మొదటి హైడ్రోజన్ సగం పోయి ఉంటుంది, ముప్పావు వంతు దగ్గర రెండోది సగం పోయి ఉంటుంది. కాబట్టి తేడా దాదాపు రెండు పీకేఏల మధ్య ఎడం అంత ఉంటుంది. టార్టారిక్‌కు అది సిద్ధాంతం ప్రకారం 1.3 దాకా, ద్రావణంలోని అయాన్ల ప్రభావం వల్ల కాస్త తక్కువ రావాలి. సిట్రిక్ అయితే తేడా రెండుకు పైనే ఉంటుంది.

తెల్లస్ఫటికం గారూ, మీ తుల్య బిందువు, అంటే ఆమ్లమంతా తటస్థమయ్యే చోటు, 17.1 కాబట్టి నాలుగో వంతు 4.3 మి.లీ., ముప్పావు వంతు 12.8 మి.లీ. మీటరును 4, 7 బఫర్లతో సరిచేసి, ఆ రెండు చోట్ల, వీలైతే సగం దగ్గర 8.55 మి.లీ. వద్ద కూడా పీహెచ్ చదవండి. ఎలక్ట్రోడ్‌ను ముంచాక అంకె నిలకడగా నిలిచేదాకా ఆగండి.

ఇంటర్‌బోధన

వక్రరేఖ గారూ, నిజమే, నేను ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని మనసులో పెట్టుకునే చెప్పాను. నాలుగో వంతు, ముప్పావు వంతు ఉపాయం నాకు కొత్త. రేపు తరగతిలో అసిటిక్ ఆమ్లంతో చేసి చూపిస్తాను.

రసాయనచరిత్ర

మీరు పడుతున్న ఈ తిప్పలు రసాయన శాస్త్రం మొత్తం ఒకప్పుడు పడినవే. తుల్యాంక భారాలు కొలవడం ముందే వచ్చింది, అణువులో ఎన్ని హైడ్రోజన్లు మారతాయో తెలియడం చాలా ఆలస్యమైంది. 1833లో థామస్ గ్రాహం ఫాస్ఫారిక్ ఆమ్లాల మీద చేసిన పనిలో ఒకే ఆమ్లం ఒకటికి మించి క్షార భాగాలతో కలవగలదని తేల్చాడు. 1838లో లీబిగ్ ఆ ఆలోచనను కర్బన ఆమ్లాలకు విస్తరించి, టార్టారిక్, సిట్రిక్ లాంటివి బహుక్షార ఆమ్లాలని వాదించాడు. ఈ చర్చలో తగువులాడుతున్న రెండు ఆమ్లాలూ అవే కావడం చూసి ఈ రెండు మాటలు రాయాలనిపించింది.

ఆయన ఆధారం ప్రధానంగా లవణాలే. ఒకే ఆమ్లం ఒక లోహంతో రెండు వేర్వేరు లవణాలను, అంటే సగం తటస్థమైనది ఒకటి, పూర్తిగా తటస్థమైనది మరొకటి ఇస్తే, లేదా రెండు వేర్వేరు లోహాలను ఒకే లవణంలో ఇముడ్చుకుంటే, ఆ ఆమ్లాన్ని ఏకక్షారం అనలేము. టార్టారిక్ ఆమ్లం సోడియాన్నీ పొటాషియాన్నీ కలిపి పట్టుకున్న రోషెల్ లవణం దీనికి చక్కని ఉదాహరణ.

వక్రరేఖ

రసాయనచరిత్ర గారి మాటతో ఒక పరీక్ష గుర్తొచ్చింది. టార్టారిక్ ఆమ్లం సగం తటస్థమైన పొటాషియం లవణం నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది, దాన్ని గది ఉష్ణోగ్రత దగ్గర కరిగిస్తే 100 మి.లీ.లో అర గ్రాము, మరికాస్త మాత్రమే కరుగుతుంది. సిట్రిక్ ఆమ్లం అలాంటి అవక్షేపం ఇవ్వదు. కాబట్టి గాఢమైన ఆమ్ల ద్రావణంలో పొటాషియం అసిటేట్ ద్రావణం కలిపి, గాజు కడ్డీతో పరీక్షనాళిక లోపలి గోడను రుద్దితే, టార్టారిక్ అయితే తెల్లని స్ఫటికాలు దిగాలి. పక్కనే సిట్రిక్ ఆమ్లంతో అదే పని చేసి పోల్చండి.

తెల్లస్ఫటికం

వక్రరేఖ గారు చెప్పినట్టే పీహెచ్ చదివాను. 20 మి.లీ. ఆమ్లానికి 20 మి.లీ. నీరు కలిపి మొదలుపెట్టాను. 4.3 మి.లీ. దగ్గర 3.02, 8.55 దగ్గర 3.61, 12.8 దగ్గర 4.22. మొదటి, చివరి పఠనాల తేడా 1.20. ఇది 0.95 కంటే ఎక్కువ, రెండు కంటే చాలా తక్కువ. ద్విక్షార ఆమ్లమని రాయవచ్చు కదా?

వక్రరేఖ

రాయవచ్చు. మీటరు 0.02 అటూ ఇటూ తప్పినా 1.20 అన్నది 0.95 కాలేదు. సగం దగ్గర వచ్చిన 3.61 గురించి ఒక ముచ్చట చెబుతాను. పొటాషియం బైటార్ట్రేట్, అంటే పైన చెప్పిన సగం తటస్థమైన లవణం, సంతృప్త ద్రావణాన్ని పీహెచ్ మీటర్లను సరిచేయడానికి ప్రమాణంగా వాడతారు, 25 డిగ్రీల దగ్గర దాని పీహెచ్ 3.56. మీ కుప్పెలో సగం దగ్గర ఉన్నది దాదాపు అదే పదార్థం, కాకపోతే సోడియం లవణంగా, మరింత పలుచగా ఉంది. పలచబడితే పీహెచ్ కొద్దిగా పెరుగుతుంది. 3.61 అందుకు చక్కగా సరిపోతుంది.

తూకంరాయి

నాకు ఒక అనుమానం ఉంది. ఏకక్షార ఆమ్లాల్లోనూ 75 దగ్గర కొన్ని ఉన్నాయి. గ్లైసీన్ మోలార్ ద్రవ్యరాశి 75.07, గ్లైకాలిక్ ఆమ్లం 76.05. రెండూ తెల్లని ఘనపదార్థాలే. వీటిని ఎందుకు తోసిపుచ్చారు?

పాతబ్యూరెట్టు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. గ్లైసీన్‌లోని ఆమ్ల భాగం అదే అణువులోని అమీనో భాగంతో ముందే చర్య జరిపి, ద్విధ్రువ అయానుగా ఉంటుంది. క్షారం తీసుకోవలసిన హైడ్రోజన్ పీకేఏ 9.8. అలాంటి ద్రావణంలో ఫినాఫ్తలీన్ వేసి క్షారం వదిలితే మొదటి కొన్ని చుక్కలకే గులాబీ మొదలై, మెల్లగా ముదురుతూ పోతుందే తప్ప ఒక్క చుక్కకు రంగు మారే అంత్య బిందువు రాదు. ఈ అమ్మాయికి 17.1 దగ్గర ఒక్క చుక్కకే రంగు నిలిచింది.

గ్లైకాలిక్ ఆమ్లం పీకేఏ 3.83, కాబట్టి అంత్య బిందువు చక్కగానే వస్తుంది. కానీ 76.05 అన్నది 75.1కి అటూ ఇటూ 0.3 అన్న హద్దుకు బయట ఉంది. నాలుగో వంతు, ముప్పావు వంతు తేడా దానికి 0.95 దాటకూడదు, ఇక్కడ 1.20 వచ్చింది. అన్నిటికీ మించి గ్లైకాలిక్ 80 డిగ్రీల లోపే కరుగుతుంది, టార్టారిక్ 170 దగ్గర, నిర్జల సిట్రిక్ 153 దగ్గర. కేశనాళికలో చిటికెడు పొడి పెట్టి ద్రవీభవన స్థానం చూస్తే ఈ అనుమానం పది నిమిషాల్లో తీరుతుంది.

రేపటిప్రాక్టికల్

మాకు బెంజోయిక్ ఆమ్లం ఇస్తే అది నీటిలో కరగదు కదా, అప్పుడెలా?

పాతబ్యూరెట్టు

ఆల్కహాల్‌లో కరిగించి, నీరు కలిపి, ఫినాఫ్తలీన్‌తోనే చేయండి. ఆల్కహాల్‌లో కూడా కొంచెం ఆమ్లత్వం ఉంటుంది కాబట్టి ఆమ్లం వేయకముందే దానిలో ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ వచ్చేదాకా క్షారంతో తటస్థం చేసి పెట్టుకోండి. బెంజోయిక్ 122.12, ఏకక్షారం. సాలిసిలిక్ ఇస్తే 138.12 వస్తుంది, అందులోని ఫినాల్ హైడ్రోజన్ ఈ పరిస్థితుల్లో చర్యకు రాదు కాబట్టి అది కూడా ఏకక్షారంగానే కొలతకు వస్తుంది.

ఆహారపరీక్ష

పొట్లంలోని ఆమ్లం విషయంలో స్ఫటిక జలం మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెబుతున్నాను. మొదటి జవాబు సిట్రిక్ మోనోహైడ్రేట్ అయి ఉంటే దాన్ని తూకంతోనే పట్టుకోవచ్చు. 210.14లో 18.02 నీరు, అంటే 8.6 శాతం. ఒక గ్రాము తూచి, మెల్లగా వేడి చేసి ఆరబెట్టి మళ్లీ తూస్తే 86 మి.గ్రా. దాకా తగ్గాలి. టార్టారిక్‌లో స్ఫటిక జలం లేదు కాబట్టి తూకం కదలదు. ఒకే సిట్రిక్ ఆమ్లం నీటితో ఉంటే తుల్యాంక భారం 70.05, నీరు లేకుంటే 64.04 అని గుర్తుంచుకోండి. ఆ 64.04కు పక్కనే ఆక్సాలిక్ డైహైడ్రేట్ 63.03 ఉంది, ఆ రెండింటినీ బ్యూరెట్టుతో విడదీయాలంటే ఒక శాతం కంటే మెరుగైన పని కావాలి. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మేది సిట్రిక్ ఆమ్లమే, అయితే పొట్లం మీద నీటి సంగతి రాసి ఉండకపోతే లెక్కలో దాన్ని నేరుగా వాడకండి.

తెల్లస్ఫటికం

నిన్నా ఈ రోజూ కలిపి మిగిలిన పరీక్షలు చేశాను.

ద్రవీభవన స్థానం 169 నుంచి 171 డిగ్రీలు. 100 డిగ్రీల దాకా ఏ మార్పూ లేదు, నాళిక గోడ మీద తేమ చుక్కలు కూడా పట్టలేదు.

పొటాషియం పరీక్షకు ఒక గ్రాము ఆమ్లాన్ని 5 మి.లీ. నీటిలో కరిగించి, పొటాషియం అసిటేట్ గాఢ ద్రావణం కలిపాను. మొదటి రెండు నిమిషాలు ద్రావణం తేటగానే ఉండటంతో గుండె జారింది. గాజు కడ్డీతో గోడను గట్టిగా రుద్దాక, రుద్దిన గీతల వెంటే సన్నని తెల్లని గింజలు మెరిసి, చూస్తుండగానే ఇసుకలా అడుగుకు దిగాయి. పక్కన సిట్రిక్ ఆమ్లంతో చేసిన నాళిక అరగంట తర్వాత కూడా తేటగానే ఉంది. నా స్నేహితురాలి పొట్లంలోది కూడా అలాగే తేటగా ఉండిపోయింది. అంటే మా ఇద్దరికీ ఇచ్చినవి వేర్వేరు ఆమ్లాలు, నేను మొదటిసారి ఆమె జవాబు చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా పొరపాటే.

రికార్డులో ఏమని రాయాలో ఒక్కసారి చూసి చెప్పండి: "ఆక్సాలిక్ ఆమ్లంతో నిర్ణయించిన క్షారం నార్మాలిటీ 0.0935. ఆమ్లం తుల్యాంక భారం 75.1 ± 0.3. నాలుగో వంతు, ముప్పావు వంతు పీహెచ్‌ల తేడా 1.20 కావడం వల్ల క్షారత రెండు. మోలార్ ద్రవ్యరాశి 150.2 ± 0.6. ద్రవీభవన స్థానం, పొటాషియం లవణం అవక్షేపం ఆధారంగా టార్టారిక్ ఆమ్లం."

పాతబ్యూరెట్టు

అలాగే రాయండి అమ్మా. ఒక్కటి చేర్చండి. మొదటి లెక్కను కొట్టేయకుండా, 0.1 అనుకున్నప్పుడు 70.2 ఎలా వచ్చిందో, అది సిట్రిక్ మోనోహైడ్రేట్‌కు ఎలా సరిపోయిందో కూడా అదే పేజీలో ఉంచండి. మీ గురువుగారు ఆ రెండు అంకెలను పక్కపక్కన చూస్తే చాలు. ఆ సోడియం హైడ్రాక్సైడ్ సీసా మీద 0.0935 అని, ఈ రోజు తేదీతో సహా చీటీ అంటించండి. వచ్చే వారం వాడేవారు దాన్ని మళ్లీ ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూసుకోవాలని కూడా ఆ చీటీ మీదే రాయండి.

తెల్లస్ఫటికం

చీటీ అంటించాను గురువుగారూ. నా స్నేహితురాలు కూడా రేపు అదే సీసాతో తన ఆమ్లాన్ని మళ్లీ మొదటి నుంచి చేస్తానంది. ఆమెకు 16.6 మి.లీ. వచ్చిందట, తూకం 1.362 గ్రాములు. సరిచేసిన గాఢతతో లెక్కిస్తే 70.2 వస్తోంది. దాన్ని మూడుతో గుణించే ముందు పీహెచ్ మీటరు ఖాళీ అయ్యేదాకా ఆగుతామన్నాము.